వార్ధకమున గృహసౌఖ్యము: నెల్లూరి తీరమునుండి ఒక విచారణ

మన కావ్యములలో వృద్ధులు కలరు. వారి సుఖము మాత్రము లేదు. ఈ మాట కొంత సాహసముగా తోచవచ్చును. భీష్ముడు బోధించును, జాంబవంతుడు ఆలోచన చెప్పును, కణ్వుడు కూతు నత్తవారింటికి పంపుచు కంట నీరు పెట్టును, యయాతి పోయిన యౌవనమును కొడుకు నడిగి పుచ్చుకొనును. వృద్ధులకు ఉపదేశాశీర్వాదశాపములను మూడు పనులను మన కవులు నిండుగా ఒప్పగించిరి. కాని ప్రొద్దుట లేచి పెరటిలో మల్లెపాదునకు చెంబెడు నీరు పోసి, చుట్టింటి నీడను చాప పరచుకొని, నేసినవా డెవరో మరచిపోయిన పాతచీరలను పొరలుగా వేసి బొంత కుట్టుకొను ముసలమ్మకు మన వాఙ్మయమున చోటు దొరకుట అరుదు. ఆమెకు ఉపదేశించుటకు తీరిక లేదు. శపించుటకు కారణము లేదు. అందుచేతనే కాబోలు కవి ఆమె గుమ్మమును దాటిపోయినాడు.

ఈ విషయము మాకు స్వయముగా స్ఫురించినది కాదు. ఒక పరిశోధక విద్యార్థిని నెల్లూరు తీరగ్రామముల వృద్ధస్త్రీల ఇల్లు, పెరడు, కుట్టుపనులను గూర్చియు, వానికి సాహిత్యమున గల స్థానమును గూర్చియు పరిశోధింప నెంచి వచ్చినప్పుడు, ‘వస్తువు అల్పము, ఆరు పుటలకు మించదు’ అని పెద్దలు సెలవిచ్చిరి. ఆ మాటకు తలయూపిన వారిలో మేమును ఉంటిమి. ఆమె వేరొక విషయము తీసికొని పోయినది. ఈ వ్యాసమును ఆ తలయూపునకు ప్రాయశ్చిత్తమనుకొన్నను మాకు అభ్యంతరము లేదు.

వస్తువు నిజముగా అల్పమా అను ప్రశ్నకు భారతమే మొదటి సమాధాన మిచ్చుచున్నది. అరణ్యపర్వము చివర యక్షుడు ధర్మరాజును, లోకమున సంతోషించువా డెవ్వడని అడుగును. సంస్కృతమూలమున ధర్మరాజు చెప్పిన సమాధానము చిన్నది. ఐదవనాడో ఆరవనాడో ఐనను సరే, తన యింట తాను కూర వండుకొనువాడు, అప్పు లేనివాడు, ఇల్లు విడిచి తిరుగనివాడు సంతోషించును. ఈ శ్లోకమును ధర్మశాస్త్రవాక్యముగా ఉదాహరించువారు పెక్కురు. దానిని కథలోనికి మరల తీసికొనిపోయి చదువువారు తక్కువ. చెప్పుచున్నవా డెవ్వడు? పండ్రెండేండ్లు ఇల్లు లేక అడవులు తిరిగినవాడు. ఎక్కడ చెప్పుచున్నాడు? నలుగురు తమ్ములు ప్రాణములేక పడియున్న కొలనిగట్టున. రాజ్యము, కీర్తి, విజయము అన్నియు తెలిసినవాడు, వానిలో దేనినిగాని పేర్కొనక ఆకుకూర పేరు చెప్పినాడు. ఇల్లు లేనివాడే ఇంటి విలువను అంత ఖచ్చితముగా తూచగలడు.

నన్నయ విడిచిపోయిన అరణ్యపర్వశేషమును ఎఱ్ఱన పూరించెనని యెల్లరు నెరిగినదే. కావున యక్షప్రశ్నల ఘట్టము తెనుగున ఆయన పాలబడినది. ఎఱ్ఱన జన్మస్థానముగా సంప్రదాయము చెప్పు గుడ్లూరు 1970లో ప్రకాశము జిల్లా ఏర్పడువరకు నెల్లూరు జిల్లాలోనిదే. సముద్రమునకు పెద్ద దూరము కాదు. విరాటపర్వము మొదలు పదునైదు పర్వములను తెనిగించిన తిక్కన మనుమసిద్ధి మంత్రిగా నెల్లూర పెన్నయొడ్డున ఉన్నవాడు. తెలుగు భారతమున అధికభాగము ఈ సీమకు చుట్టమైన కలములనుండి వచ్చినదన్నమాట. కనుక మన ప్రశ్నకు సమాధానమును ఇక్కడ వెదకుట ప్రాంతాభిమానము కాదు.

తిక్కన దగ్గరకు వచ్చినప్పుడు మేము ఎక్కువసేపు నిలువవలసినది ఆశ్రమవాసపర్వమున. ఇది మన తరగతులలో సాధారణముగా చదువని పర్వము. యుద్ధము ముగిసినది; పాఠకుల ఆసక్తియు ముగిసినది. కాని వార్ధకమును గూర్చి భారతము చెప్పదలచినదంతయు ఇందే ఉన్నది. నూర్గురు కొడుకులను పోగొట్టుకొన్న ధృతరాష్ట్రుడు, వారిని చంపినవారి యింట పదునైదేండ్లు ఉండెను. ధర్మరాజు ఆయనకు ఏ లోటును రానీయలేదు. భోజనము, వస్త్రములు, పరిచారకులు, దానములకు ధనము, అన్నియు పూర్వమువలెనే జరిగినవి. అయినను ఆ వృద్ధుడు సుఖింపలేదు. కారణముగా కథ చూపునది భీముని మాట. పెద్దాయన చెవిని పడునట్లుగా, తన చేతులు ఎట్టివో, అవి ఆయన కొడుకులను ఏమి చేసినవో భీముడు చాటుకొనును. ధృతరాష్ట్రుడు ఆ సంగతి ధర్మరాజునకు చెప్పలేదు. రహస్యముగా ఉపవాసములు చేసెను, నేలపై పండుకొనెను, గాంధారియు అట్లే చేసినది. చివరకు అడవికి పోవుటకు అనుమతి వేడెను.

ఈ ఘట్టమును వైరాగ్యోదయముగా వివరించుట పరిపాటి. వానప్రస్థము ఆశ్రమధర్మము, రాజు దానిని స్వీకరించెను, ఇంతటితో వ్యాఖ్య ముగియును. మాకు ఇది చాలదు. ధృతరాష్ట్రుని యిల్లు విడిపించినది వేదాంతము కాదు, ఆ యింట తనకు దక్కని గౌరవము. ఆయనకు అన్నియు ఉన్నవి. తన చేత చేయదగిన పని ఒక్కటియు లేదు, తనదని చెప్పదగిన మూల ఒక్కటియు లేదు. వండినవారు వేరు, వడ్డించినవారు వేరు, ఎత్తిపొడిచినవాడు వేరు. యక్షునకు ధర్మరాజు చెప్పిన సమాధానమును ఇక్కడ పెట్టి చూచినచో పెద్దరాజు దుఃఖము విప్పినట్లు తెలియును. ‘తన యింట’ అనునది ఆయనకు లేదు. ‘అప్పు లేకుండుట’ అంతకన్న లేదు. తినుచున్న ప్రతి ముద్దయు ఋణమే. నాడు పాఠము చెప్పిన ధర్మరాజు తన యింటనే దానికి ప్రత్యుదాహరణమును పదునైదేండ్లు పోషించెను. వ్యాసుడు దీనిని ఎత్తిచూపలేదు. తిక్కనయు ఎత్తిచూపలేదు. ఎత్తిచూపకుండుటయే వారి గొప్పతనము.

కుంతి విషయము ఇంకను సూక్ష్మము. ఆమెకు ఎత్తిపొడుపులు లేవు. కొడుకులు రాజులు, ఆమె రాజమాత. అయినను గాంధారి చేయి తన భుజముపై వేయించుకొని అడవిదారి పట్టినది. కొడుకులు వెంటబడి వేడుకొనిరి. ఇందుకేనా మమ్ము యుద్ధమునకు పురికొల్పితివని అడిగిరి. భర్త కాలమున రాజ్యఫలమును తాను చాలినంత అనుభవించితిననియు, కొడుకులు గెలిచిన రాజ్యఫలమును కోరుట లేదనియు, అత్తమామలవంటి ఆ యిరువురి సేవలో శేషకాలము గడపుదుననియు ఆమె సమాధానము. ఇది త్యాగమని అందరును అందురు. మేము వేరొకటి అందుము. ఆమె పని కోరుకొన్నది. అంతఃపురమున ఆమెకు చేయవలసినది ఏమియు మిగులలేదు. అడవిలో ఒక గ్రుడ్డివానిని, కన్నులకు గంతకట్టుకొన్న ఒక స్త్రీని నడిపింపవలసియున్నది, నీళ్లు తేవలసియున్నది. వృద్ధాప్యమున మనిషిని నిలుపునది తీరిక కాదు, తీరికలో తాను ఏర్పరచుకొన్న చిన్నపని అను సంగతిని కుంతివలె నెరిగిన పాత్ర మన సాహిత్యమున అరుదు. ఆ పనిని ఇంటనే కల్పింపలేకపోయినది మాత్రము ఆ కథలోని యిల్లు.

తిక్కనకు చేతిపనులపై దృష్టి లేదని ఎవ్వరును అనలేరు. విరాటపర్వమున ద్రౌపది సుధేష్ణకు తన విద్యలను చెప్పుకొనుటలో జడలల్లుట, మైపూతలు నూరుట, పూదండలు కట్టుట వచ్చును. సామ్రాజ్ఞి ఐనది పోయినను చేతివిద్య పోలేదు; ఏడాదికాలము ఆమెను కాపాడినది అదే. అదే పర్వమున, గోగ్రహణమునకు పోవు బృహన్నలను ఉత్తర అడిగినది శత్రువుల తలలు కాదు, తన బొమ్మలకు తొడుగుటకు రంగురంగుల సన్నని బట్టలు. యుద్ధానంతరము ఆ బట్టలు ఆమెకు చేరినవి. కౌరవవీరుల ఉత్తరీయములు బొమ్మపొత్తికలుగా మారుట మన వాఙ్మయమంతటిలోను అతిచక్కని కుట్టుపని అని మా అభిప్రాయము. కాని గమనింపుడు, చేతిపని ఇక్కడ ఒకచోట యౌవనవతిది, ఇంకొకచోట బాలికది. వృద్ధురాలి చేతికి సూది ఇచ్చిన ఘట్టము లేదు.

పెరటిని కవిత్వములోనికి తెచ్చిన ఘనత శ్రీకృష్ణదేవరాయలది. 1514లో నెల్లూరు సీమలోని ఉదయగిరి దుర్గమును గెలిచిన ఆ చక్రవర్తి ఆముక్తమాల్యదలో తనకు సమానుడైన రాజును గాక, తోటలో పూలు కోసి దండలు కట్టు విష్ణుచిత్తుని ముందు నిలిపెను. ప్రబంధములలో ఉద్యానవనము నాయికానాయకులకు విరహము పొందుటకు ఏర్పరచిన స్థలము. విష్ణుచిత్తుని తోట అట్టిది కాదు; అది పని చేయు తోట. ఆ యింట అతిథులకు పెట్టిన భోజనమును కవి ఋతువులవారీగా చెప్పెను. వానకాలమున సన్నబియ్యపు అన్నము, పొట్టుతీసిన పప్పు, నాలుగైదు కూరలు, వడియములు, పెరుగు. వేసవిలో గోరువెచ్చని అన్నము, తీయని చారు, లేగొబ్బరినీరు, మజ్జిగ. చలికాలమున మిరియపుపొడి చల్లిన వేడికూరలు, ఆవపచ్చళ్లు, కాచిన నేయి. వానలో కట్టెలు తడిసియుండునని ఎండిన కొబ్బరిటెంకలను వంటచెరకుగా చెప్పుట వంటింటిలోనికి నిజముగా తొంగిచూచినవాడు మాత్రమే చేయగల పని. యక్షప్రశ్నలోని ఆకుకూర ఇంచుమించు రెండువందల యేండ్ల తెలుగుకవిత తరువాత ఇక్కడ పండినదన్నమాట. అయినను ఆ సుఖమునకు కావ్యమున దొరకిన అనుమతి అతిథిసేవ, దైవసేవ అను పేర్లమీద దొరకినదే. తనకొరకు తాను మొక్క పెంచుకొన్నవాడు ఇంకను ప్రవేశింపలేదు.

ఇక పుస్తకములు మూసి తీరమునకు పోవుదము. మైపాడు, కోడూరు, ఇస్కపల్లి వైపు గ్రామములు చూచినవారికి తెలియును: ఇసుకనేల, ఉప్పుగాలి, దూరమున సరుగుడుతోపులు, వానిచెంత బకింగ్‌హాము కాలువ. పెరడు పెంచుట ఇక్కడ తేలికపని కాదు. లోతుగా త్రవ్విన ఉప్పునీరు తగులును. కనుక ఇసుకలో పల్లముగా తీసిన దొరువునుండి కుండలతో తెచ్చి పోయుదురు. మన కవుల వర్షర్తువర్ణన శ్రావణభాద్రపదములది. ఈ తీరమున పెద్దవానలు ఈశాన్యపు గాలితో ఆశ్వయుజకార్తికములందు వచ్చును. మేఘసందేశమును నమ్ముకొని విత్తిన తోటకూర నెల్లూర ఎండిపోవును. ఏ నెలలో పొట్లపాదు పెట్టవలెనో, ఏ గాలికి మునగకొమ్మ విరుగునో, తుపానుకు ముందు ఏ కుండలను లోపల పెట్టవలెనో, ఇవి ఏ కావ్యమునను లేవు. అరువది దాటిన స్త్రీల నోటనున్నవి. బచ్చలి, పొన్నగంటి, కరివేప, నందివర్ధనము, బొండుమల్లె, కనకాంబరము, వీనిలో ఏది దేనిప్రక్కన పెరుగునో చెప్పుటలో వారి వాక్యములు చిన్నవి, సందేహము లేనివి. మేము విన్నంతలో ఒక్క విశేషణమును వాడరు.

కుట్టుపనియు అట్టిదే. పాతచీరలు, పంచెలు పొరలుగా పరచి దూరదూరముగా పరుగుకుట్టు వేసిన బొంత, గుమ్మమునకు పూసల తోరణము, దిండుగలీబుపై గొలుసుకుట్టుతో చిలుక, రేడియోమీదికి తరువాత టెలివిజనుమీదికి మారిన క్రోషా అల్లిక గుడ్డ. పూసలతోరణపు రామచిలుకలో కళ లేదని నవ్వు విమర్శకులు కలరు. వారు బొంతను విప్పి చూడలేదు. ఒక బొంతలో ఒక కుటుంబపు ముప్పదియేండ్ల వస్త్రచరిత్ర పొరలుగా ఉండును: వెంకటగిరి జరీచీర అంచుముక్క, మొదటి కానుపునాటి నూలుచీర, పోయినాయన పంచె. కుట్టినామె వ్రేలితో చూపుచు చెప్పును. ఆ చెప్పుట కథనము కాదనుటకు ఏ లక్షణశాస్త్రము మనకు అధికార మిచ్చినది?

ఇంతవరకు చదివినవారు రెండు ఆక్షేపణలు చేయవచ్చును, రెండును బలమైనవే.

మొదటిది అబ్బూరి ఛాయాదేవి ‘బోన్‌సాయ్ బ్రతుకు’ అను కథలో ఉన్నది. కుండీలో పొట్టిగా పెంచిన చెట్టును చూచి మురియు చెల్లెలికి, పల్లెనుండి వచ్చిన అక్క ఆ చెట్టునందు ఆడుదాని బ్రతుకును చూపును. గాలివాన వచ్చినప్పుడు కుండీలను లోపలికి మోసికొనిపోవలసివచ్చును. వీధిలోని పెద్దచెట్టు మాత్రము పదిమందికి ఆశ్రయ మిచ్చుచు నిలుచును. పెరడు, కుట్టు, వంటిల్లు, వీనిని సుఖములని పొగడుట అనగా కొమ్మలు కత్తిరించినవారిని పొగడుటయే కదా అని ఈ కథ మమ్ము నిలదీయును. తప్పించుకొనుటకు వీలులేని ప్రశ్న ఇది. కాని అదే రచయిత్రి, భర్త పోయిన పిదప బిడ్డల పంచకు చేరక తనకు తానై బ్రతుక నెంచిన వృద్ధురాలిని ‘తన మార్గం’ కథలో చిత్రించినది. ఆ పేరుగల సంపుటికే 2005లో కేంద్రసాహిత్య అకాడమీ పురస్కారము వచ్చినది. ఛాయాదేవి స్వయముగా చేతితో బొమ్మలు చేయుటయందు ప్రీతిగలది. కనుక ఆమె ఆక్షేపించినది మొక్కను కాదు, చేతిపనిని కాదు. కుండీ పరిమాణమును ఇంకొకరు నిర్ణయించుటను. ధృతరాష్ట్రుని యిల్లు పెద్దకుండీ, అయినను కుండీయే.

రెండవ ఆక్షేపణ గోదావరి తీరమునుండి వచ్చుచున్నది. నరసాపురపు లేసు అల్లిక పందొమ్మిదవ శతాబ్దిలో క్రైస్తవ మిషనరీల ద్వారా ప్రవేశించి, వేలకొలది స్త్రీల చేతికి వచ్చి, దేశాంతరములకు ఎగుమతియైనది. మారియా మీస్ అను జర్మను పరిశోధకురాలు ఆ స్త్రీలను గూర్చి 1982లో ప్రకటించిన గ్రంథమున ఒక సంగతిని నిరూపించినది. అల్లువారిని పనివారనక, తీరిక వేళ గడుపుకొను గృహిణులనుటవలననే కూలి అంత తక్కువగా నిలిచినది. లాభము వర్తకులకు చేరినది. ‘తీరిక’ అను తీయనిమాట ఎంతటి శ్రమను కప్పగలదో ఇంతకన్న చక్కగా చూపుట కష్టము. మేము ఇంతకుముందు వాడిన ‘సుఖము’ అను మాటను ఈ గ్రంథము చదివిన పిదప వెనుకటి నిశ్చింతతో వాడలేము. నెల్లూరి బొంతకును నరసాపురపు లేసుకును సూదులు వేరగుట అసలు భేదము కాదు. బొంత కుట్టునామె ఎప్పుడు మొదలుపెట్టవలెనో, ఎప్పుడు ఆపవలెనో, ఎవరికి ఈయవలెనో తానే నిర్ణయించును. మనుమరాలి పురిటికి ముందు అది పూర్తికాకున్న కోపపడు షావుకారు లేడు. ఆ స్వాతంత్ర్యము పోయిననాడు అదే కుట్టు కూలియగును. కూలియైనప్పుడు దానికి తగిన వెల ఈయవలెను. మధ్యేమార్గము లేదు.

ఈ భావమును మన రసవాదులు ఏ రసమున చేర్తురని తరగతిలో అడిగినచో విద్యార్థులు వెంటనే శాంతమందురు. మేము ఒప్పుకొనము. శాంతమునకు స్థాయి నిర్వేదమనియు శమమనియు రెండు మతములు కలవు. రెండింటను విషయములనుండి మరలుట ఉన్నది. పెరటి ముసలమ్మ దేనినుండియు మరలలేదు. తెల్లవారి ఎన్ని మొగ్గలు వేసినవో లెక్కపెట్టును. ప్రక్కింటివారి పాదు తనపాదుకన్న ముందు కాచినచో ఆమెకు ఆ పూట అన్నము సహింపదు. ఇది రతియే, వస్తువుమీద రతి, దినచర్యమీద రతి. శృంగారమునకు యౌవనమును, భక్తికి దేవుని కట్టిపెట్టిన మన శాస్త్రము దీనికి పేరు పెట్టలేదు. పేరు లేనందుననే ‘వస్తువు అల్పము’ అని మేమందరము తలయూపితిమి.

నేడు ఆ తీరపు ఇండ్లలో మరియొక మార్పు కలదు. ధర్మరాజు చెప్పిన ‘ఇల్లు విడిచి తిరుగనివాడు’ ఇప్పుడు వృద్ధుడొక్కడే. కొడుకులు హైదరాబాదున, బెంగుళూరున, సముద్రముల కావలను ఉన్నారు. ఇంట ఇద్దరు, లేక ఒక్కరు. వారి పెరటికూర నలుగురికి సరిపడునంత కాయుచునే ఉన్నది. కుట్టిన బొంతలు పెట్టెలో మడతలుగా ఉన్నవి. చలి లేని యింటికి, చలియంత్రములున్న యింటికి వానిని మోసికొనిపోవుటకు బిడ్డలు వెనుకాడుదురు. కుట్టినామె పోయినచో ఏ ముక్క ఏ చీరదో చెప్పువారు లేరు.

ఆ విద్యార్థినికి మేము తిరిగి కబురు పంపితిమి. తీసికొన్న విషయమును విడువనక్కరలేదనియు, సెలవులలో ఒక పుస్తకము, ఒక శబ్దగ్రహణయంత్రము తీసికొని కోడూరు వైపు పోవలసినదనియు, బొంతల పొరలను పైనుండి క్రిందికి వరుసగా వ్రాసికొని, ప్రతిపొరకు ఆ యింటి స్త్రీ చెప్పిన మాటలను ఆమె నుడికారములోనే దిద్దక ఎత్తుకొని రావలసినదనియు తెలిపితిమి. దొరువు, పాదు, టాకా, అంచు మొదలగు మాటల నిఘంటువు ఆమె వచ్చిన తరువాత ప్రారంభింపవలెను.